వ్యాపార సర్వర్లలో డిస్క్ నిల్వ సమస్యలు: అమరిక, సామర్థ్య లోపాల నిర్ధారణ పద్ధతి

వ్యాససంగ్రహం:

వ్యాపార సంస్థల సర్వర్లలో ‘డిస్క్‌లో చోటు లేదు’ అనే సందేశం ఒక్కటే. దాని వెనుక ఉండే కారణాలు మాత్రం అనేకం. నిజంగానే డేటా పెరిగి నిల్వ నిండడం వాటిలో ఒకటి. డిస్కుల అమరికలో లోపం, పార్టిషన్ పట్టిక పరిమితి, తొలగించినా విడుదల కాని ఫైళ్లు, ఐనోడ్ల కొరత, డేటాబేస్ చిట్టాల పెరుగుదల మొదలైనవి మిగిలినవి. కారణం తేల్చుకోకుండా ఫైళ్లను తొలగించడం వల్ల గానీ, కొత్త డిస్క్ చేర్చడం వల్ల గానీ సమస్య తీరకపోగా డేటా నష్టపోయే ప్రమాదం ఉంది. నిల్వ వ్యవస్థను అంతరాలుగా విడదీసి, ఏ అంతరంలో లెక్క తప్పిందో గుర్తించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సర్వర్, డిస్క్ నిల్వ, రెయిడ్, పార్టిషన్, ఫైల్ వ్యవస్థ, ఐనోడ్, డేటాబేస్ చిట్టా, సామర్థ్య ప్రణాళిక.

1. ఉపోద్ఘాతం:

2023 ఆగస్టు 29న జపాన్‌లోని టొయోటా సంస్థకు చెందిన 14 కర్మాగారాలలో కార్ల తయారీ నిలిచిపోయింది. విడిభాగాల ఆర్డర్లను నిర్వహించే సర్వర్లు పనిచేయకపోవడమే ఇందుకు కారణం. ఇది సైబర్ దాడి కాదని స్పష్టం చేస్తూ సంస్థ సెప్టెంబరు 6న వివరణ ఇచ్చింది. ఆగస్టు 27న జరిగిన నిర్వహణ పనుల్లో భాగంగా డేటాబేస్‌లో పేరుకున్న సమాచారాన్ని తొలగించి, క్రమబద్ధం చేస్తున్నప్పుడు డిస్క్‌లో చోటు చాలక దోషం ఏర్పడి వ్యవస్థ ఆగిపోయిందని అందులో పేర్కొన్నది. ప్రత్యామ్నాయ సర్వర్లు కూడా అదే వ్యవస్థపై నడుస్తున్నందున వాటిలోనూ అదే వైఫల్యం తలెత్తింది. డేటాను ఎక్కువ సామర్థ్యం గల సర్వర్‌కు తరలించిన తరువాతే ఉత్పత్తి మళ్లీ మొదలైంది.

ఈ ఉదంతంలో గమనించవలసిన అంశాలు రెండు. చోటు ఖాళీ చేసే పనికే చోటు చాలలేదు. అదనంగా ఉంచుకున్న సర్వర్లు మొదటి సర్వర్ల బలహీనతనే పంచుకున్నాయి. అంతటి సంస్థకే తప్పని ఈ పరిస్థితి ఒకే సర్వర్‌పై బిల్లులు, సరుకు నిల్వలు, జీతాల లెక్కలు నడుపుకొనే చిన్న వ్యాపారానికి ఎదురైతే కలిగే నష్టం ఊహించదగినదే. అందువల్ల నిల్వ సమస్యను శాస్త్రీయంగా నిర్ధారించే పద్ధతి తెలిసి ఉండడం అవసరం.

2. నిల్వ వ్యవస్థలోని అంతరాలు:

వినియోగదారుకు కనిపించేది ఒక డ్రైవ్ అక్షరమో, ఒక ఫోల్డరో మాత్రమే. దాని కింద అనేక అంతరాలు ఉంటాయి. అన్నిటికన్నా అడుగున భౌతికమైన డిస్కులు ఉంటాయి. వాటిని కలిపి ఒక సమూహంగా చూపే రెయిడ్ వాటి పైన ఉంటుంది. ఆ సమూహాన్ని భాగాలుగా విడదీసే పార్టిషన్ పట్టిక మూడవది. లినక్స్‌లో తార్కిక వాల్యూమ్ నిర్వాహకం అనే మరొక అంతరం తరచుగా చేరుతుంది. ఆ పైన ఫైల్ వ్యవస్థ, చివరగా డేటాబేస్ వంటి అనువర్తనాలు ఉంటాయి. సర్వర్ వర్చువల్ యంత్రమైతే ఈ మొత్తం కట్టడం మరొక యంత్రపు నిల్వపై నిలిచి ఉంటుంది.

ప్రతి అంతరం తన కింది అంతరం నుంచి కొంత చోటు తీసుకొని, అందులో కొంత తన అవసరాలకు ఉంచుకొని, మిగిలినది పైకి అందిస్తుంది. కాబట్టి నిర్ధారణ అంటే ఒక విధంగా పద్దుల తనిఖీయే. కింది అంతరం ఇచ్చినది ఎంత, పై అంతరం పుచ్చుకున్నది ఎంత అని ప్రతి మెట్టు దగ్గర సరిచూడాలి. రెండు సంఖ్యల మధ్య తేడాకు సమాధానం దొరకని చోటే లోపం ఉంటుంది.

3. కొలమానాల భేదం:

తనిఖీ ప్రారంభించే ముందు తొలగించుకోవలసిన భ్రమ ఒకటి ఉంది. డిస్క్ తయారీదారులు ఒక టెరాబైట్‌ను లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ వంటి వ్యవస్థలు 1024 గుణిజాలతో లెక్కించి, ఫలితాన్ని అదే పేరుతో చూపుతాయి. అందువల్ల 1 టెరాబైట్ డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది. ధాన్యం ఒకటే, కొలిచిన కుంచం వేరు. ఈ గందరగోళాన్ని నివారించడానికి అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998లో కిబీ, మెబీ, గిబీ, టెబీ అనే ప్రత్యేక పూర్వపదాలను ఆమోదించింది. లినక్స్‌లో ‘డీఎఫ్ -హెచ్’ అనే ఆదేశం 1024 గుణిజాలతోనూ, పెద్ద అక్షరపు హెచ్ వాడితే 1000 గుణిజాలతోనూ లెక్క చూపుతుంది. పరిమాణం పెరిగే కొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. గిగా స్థాయిలో సుమారు 7 శాతం ఉన్న అంతరం టెరా స్థాయిలో సుమారు 10 శాతానికి చేరుతుంది. ‘చోటు మాయమైంది’ అనే ఫిర్యాదులలో కొన్ని ఈ దశలోనే పరిష్కారమవుతాయి.

4. అమరిక లోపాలు:

4.1 రెయిడ్ అమరిక:

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో వెలువరించిన పత్రం ద్వారా రెయిడ్ అనే పదం వ్యాప్తిలోకి వచ్చింది. ఖరీదైన ఒక పెద్ద డిస్క్‌కు బదులు చవకైన అనేక డిస్కులను కలిపి వాడడం అందులోని మూలభావన. ఏ స్థాయిని ఎంచుకున్నారనే దానిపై లభించే చోటు ఆధారపడుతుంది.

ఉదాహరణకు ఒక్కొక్కటి 4 టెరాబైట్ల సామర్థ్యం గల నాలుగు డిస్కులను తీసుకుంటే, రెయిడ్ 0లో 16, రెయిడ్ 5లో 12, రెయిడ్ 6లోనూ రెయిడ్ 10లోనూ 8 టెరాబైట్ల చోటు లభిస్తుంది. రెయిడ్ 0లో చోటు పూర్తిగా దక్కినా ఒక్క డిస్క్ చెడితే సమూహమంతా నష్టమవుతుంది. సామర్థ్యం ఊహించిన దానికన్నా ఎక్కువగా కనిపించినప్పుడు సంతోషించడం కాక, రక్షణ లేని స్థాయిని పొరపాటున ఎంచుకున్నారేమోనని అనుమానించాలి.

సమూహంలోని అతి చిన్న డిస్క్ మిగిలిన వాటికి హద్దు గీస్తుంది. పై ఉదాహరణలో సమూహాన్ని మూడు 4 టెరాబైట్ల డిస్కులు, ఒక 3 టెరాబైట్ల డిస్క్‌తో కూర్చితే ప్రతి డిస్క్ నుంచి 3 టెరాబైట్లే వినియోగంలోకి వస్తాయి. రెయిడ్ 5లో లభించేది 9 టెరాబైట్లు మాత్రమే. అలాగే ఒక డిస్క్‌ను అత్యవసర ప్రత్యామ్నాయంగా కేటాయించి ఉంటే దాని సామర్థ్యం మొత్తంలో కలవదు. ఇది లోపం కాదు, అమరిక చేసినవారి నిర్ణయం. అది ఎక్కడా నమోదు కాకపోవడమే లోపం.

రెయిడ్ 5లో ఒక డిస్క్ చెడిన తరువాత కూడా సర్వర్ పనిచేస్తూనే ఉంటుంది. ఈ గుణమే ప్రమాదాన్ని కప్పిపుచ్చుతుంది. హెచ్చరిక సందేశం ఎవరికీ చేరే ఏర్పాటు లేకపోతే సమూహం నెలల తరబడి రక్షణ లేకుండా నడవవచ్చు. రెండవ డిస్క్ చెడిన రోజున అది ఒక్కసారిగా కూలినట్లు కనిపిస్తుంది. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ‘ఎండీస్టాట్’ ఫైల్, హార్డ్‌వేర్ నియంత్రికలైతే తయారీదారు ఇచ్చే ఉపకరణం ఈ స్థితిని తెలుపుతాయి.

4.2 పార్టిషన్ పట్టిక పరిమితి:

1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పద్ధతిలో సెక్టార్ సంఖ్యకు 32 బిట్లు కేటాయించారు. సెక్టార్ పరిమాణం 512 బైట్లు అయినప్పుడు 2 టెబీబైట్లను మించిన ప్రదేశాన్ని ఈ పట్టిక గుర్తించలేదు. 12 టెరాబైట్ల రెయిడ్ సమూహంపై ఎంబీఆర్ పట్టిక రాస్తే 2 టెబీబైట్లు మాత్రమే వాడుకలోకి వచ్చి, తక్కినది కేటాయించని చోటుగా మిగులుతుంది. 64 బిట్ల సంఖ్యలను వాడే జీపీటీ పట్టికకు ఈ పరిమితి ఆచరణలో అడ్డు కాదు. ఉన్న డిస్క్‌ను ఒక పద్ధతి నుంచి మరొక పద్ధతికి మార్చేటప్పుడు డేటాను ముందుగా వేరొక చోట భద్రపరచాలి. విండోస్‌ను జీపీటీ డిస్క్ నుంచి ప్రారంభించాలంటే యంత్రం యూఈఎఫ్ఐ పద్ధతిలో నడవాలి.

4.3 మధ్యలో ఆగిన విస్తరణ:

కొత్త చోటు చేర్చినా ఫైల్ వ్యవస్థలో అది కనిపించకపోవడం తరచుగా ఎదురయ్యే స్థితి. వర్చువల్ డిస్క్‌ను పెంచడం తొలి మెట్టు మాత్రమే. ఆ తరువాత పార్టిషన్‌ను, భౌతిక వాల్యూమ్‌ను, తార్కిక వాల్యూమ్‌ను, చివరగా ఫైల్ వ్యవస్థను వరుసగా పెంచాలి. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ చూపే పరిమాణానికీ ‘డీఎఫ్’ చూపే పరిమాణానికీ పెద్ద తేడా ఉంటే విస్తరణ మధ్యలో ఆగిందని భావించవచ్చు. విండోస్‌లో పెంచదలచిన వాల్యూమ్‌కు వెంటనే పక్కన ఖాళీ చోటు ఉంటేనే డిస్క్ నిర్వహణ సాధనం విస్తరణను అనుమతిస్తుంది. రెండింటి మధ్య పునరుద్ధరణ పార్టిషన్ అడ్డు నిలిస్తే ఆ ఎంపిక పనిచేయదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థను పెంచడం సులభమే కానీ, మళ్లీ కుదించడానికి అది సాధారణంగా వీలు కల్పించదు. అందువల్ల ఒక వాల్యూమ్‌కు చోటంతా ఒకేసారి ధారపోయక, కొంత నిలవ ఉంచుకోవడం మేలు.

5. సామర్థ్య లోపాలు:

5.1 రెండు ఆదేశాల మధ్య వైరుధ్యం:

‘డీఎఫ్’ ఆదేశం ఫైల్ వ్యవస్థ నిర్వహించే మొత్తం లెక్కను చూపుతుంది. ‘డీయూ’ ఆదేశం ఫోల్డర్లను ఒక్కొక్కటిగా తిరిగి కనిపించిన ఫైళ్ల పరిమాణాలను కూడుతుంది. మొదటిది 95 జీబీ వాడుకలో ఉందని, రెండవది 40 జీబీ మాత్రమేనని చెబితే రెండు కారణాలను ముఖ్యంగా పరిశీలించాలి.

తొలగించినా తెరిచి ఉన్న ఫైల్ మొదటి కారణం. యూనిక్స్ సంప్రదాయంలో ఫైల్‌ను తొలగించడమంటే దాని పేరును తీసివేయడమే. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను తెరిచి ఉంచినంతసేపు అది ఆక్రమించిన చోటు విడుదల కాదు. భారీగా పెరిగిన లాగ్ ఫైల్‌ను నిర్వాహకులు తొలగించినా చోటు పెరగకపోవడానికి ఇదే కారణం. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ ఆదేశంతో అటువంటి ఫైళ్లను గుర్తించి, సంబంధిత సేవను పునఃప్రారంభిస్తే చోటు తిరిగి వస్తుంది.

రెండవది మౌంట్ కింద దాగిన ఫైళ్లు. బ్యాకప్ డిస్క్ ఒక రాత్రి మౌంట్ కాలేదనుకుందాం. బ్యాకప్ ప్రోగ్రామ్ అదే ఫోల్డర్‌లో, అంటే ప్రధాన డిస్క్‌పైనే, రాసుకుంటూ పోతుంది. మరునాడు డిస్క్ మౌంట్ అయితే ఆ ఫైళ్లు దాని కింద మరుగునపడతాయి. ప్రధాన డిస్క్ నిండి ఉంటుంది, కానీ నింపినది ఏదో కనిపించదు. మూల ఫైల్ వ్యవస్థను మరొక చోట బైండ్ మౌంట్ చేసి చూస్తే అవి బయటపడతాయి. డిస్కులను వరుస మారే అవకాశమున్న పరికర నామాలతో కాక, వాటి విశిష్ట గుర్తింపు సంఖ్యలతో నమోదు చేయడం, డిస్క్ మౌంట్ అయినదీ లేనిదీ పరీక్షించిన తరువాతే బ్యాకప్ మొదలయ్యేలా చూడడం దీనికి నివారణ.

5.2 ఐనోడ్ల కొరత:

సగానికి పైగా చోటు ఖాళీగా ఉన్నా ‘చోటు లేదు’ అనే సందేశం రావచ్చు. ఈఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థలో ప్రతి ఫైల్‌కు ఒక ఐనోడ్ అవసరం. వాటి సంఖ్య ఫైల్ వ్యవస్థను తయారుచేసిన నాడే నిర్ణయమవుతుంది. 16,384 బైట్లకు ఒకటి చొప్పున 1 టెబీబైట్ వాల్యూమ్‌లో 6,71,08,864 ఐనోడ్లు ఏర్పడతాయి. ప్రతి ఫైల్ 4 కిబీబైట్లు మాత్రమే అయితే 256 గిబీబైట్ల డేటాకే, అంటే సుమారు పాతిక వంతు కాదు, నాలుగవ వంతు చోటుకే, ఐనోడ్లు అడుగంటుతాయి. ఈ-మెయిల్ నిల్వలు, వెబ్ సెషన్ ఫైళ్లు, సూక్ష్మచిత్రాల భాండాగారాలు గల సర్వర్లలో ఈ స్థితి కనిపిస్తుంది. ‘డీఎఫ్ -ఐ’ ఆదేశం దీన్ని ఒక్క క్షణంలో తేలుస్తుంది.

తెలుగు పేర్లతో ఫైళ్లు భద్రపరిచే సంస్థలు మరొక పరిమితిని గుర్తుంచుకోవాలి. ఈఎక్స్‌టీ4లో ఫైల్ పేరు 255 బైట్లను మించరాదు. యూటీఎఫ్-8 సంకేతంలో తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతబిందువు 3 బైట్లు తీసుకుంటుంది. అందువల్ల పేరులో గరిష్ఠంగా 85 సంకేతబిందువులే ఇముడుతాయి. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. పొడవైన తెలుగు శీర్షికతో ఫైల్ నకలు కాకపోతే అది చోటు కొరత కాదు, పేరు పరిమితి.

5.3 ప్రత్యేకించిన చోటు:

ఈఎక్స్‌టీ4 సాధారణంగా 5 శాతం చోటును మూల వినియోగదారుకు ప్రత్యేకిస్తుంది. నిల్వ నిండినప్పుడు కూడా వ్యవస్థ నిలదొక్కుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. 12 టెరాబైట్ల వాల్యూమ్‌లో ఈ భాగం 600 జీబీ అవుతుంది. కేవలం డేటా కోసం ఉద్దేశించిన వాల్యూమ్‌లో దీన్ని 1 శాతానికి తగ్గించవచ్చు. ఆపరేటింగ్ వ్యవస్థ ఉన్న వాల్యూమ్‌లో మాత్రం దీన్ని ముట్టకపోవడం మంచిది.

5.4 డేటాబేస్‌లూ చిట్టాలూ:

డేటాబేస్‌లో వరుసలను తొలగించగానే డిస్క్‌లో చోటు పెరుగుతుందని భావించడం సరికాదు. తొలగింపు కూడా ఒక మార్పే కనుక అది లావాదేవీల చిట్టాలో నమోదవుతుంది. అంటే తొలగిస్తున్న కొద్దీ చిట్టా పెరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో సాధారణ ‘వ్యాక్యూమ్’ ఖాళీ అయిన చోటును అదే పట్టికలో తిరిగి వాడుకోవడానికి ఉంచుతుంది. ‘వ్యాక్యూమ్ ఫుల్’ చోటును డిస్క్‌కు తిరిగి ఇస్తుంది కానీ, పట్టికకు కొత్త నకలు రాయడానికి ముందుగా అదనపు చోటు కోరుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పూర్తి పునరుద్ధరణ విధానం ఎంచుకొని, చిట్టాకు బ్యాకప్ తీయకపోతే అది పెరుగుతూనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పనిచేయని ప్రతికృతి కోసం మిగిలిపోయిన స్లాట్ కూడా పాత చిట్టాలను తొలగనీయదు.

ఇక్కడ చేయరాని పని ఒకటుంది. చిట్టా ఫైళ్లు పెద్దవిగా కనిపించాయని వాటిని చేతితో తొలగించకూడదు. అవి సాధారణ లాగ్ ఫైళ్లు కావు. అవి లేకపోతే డేటాబేస్ మళ్లీ ప్రారంభం కాకపోవచ్చు. అవి ఎందుకు నిలిచిపోయాయో తెలుసుకొని, ఆ అడ్డు తొలగిస్తే డేటాబేస్ తానే వాటిని సర్దుకుంటుంది.

5.5 పలుచని కేటాయింపు:

వర్చువల్ యంత్రాలకు వాస్తవంగా ఉన్న దానికన్నా ఎక్కువ చోటును వాగ్దానం చేసే పద్ధతి ఉంది. 10 టెరాబైట్ల నిల్వపై ఒక్కొక్కటి 2 టెరాబైట్ల చొప్పున ఎనిమిది యంత్రాలను ఏర్పాటు చేయవచ్చు. అన్నీ ఒకేసారి నిండవనే నమ్మకమే దీనికి ఆధారం. ఆ నమ్మకం వమ్మైన రోజున యంత్రాల లోపల చోటు ఖాళీగా కనిపిస్తూనే రాతలు విఫలమవుతాయి. మరిచిపోయిన స్నాప్‌షాట్లు ఈ స్థితిని వేగవంతం చేస్తాయి. కాబట్టి వర్చువల్ సర్వర్ విషయంలో లోపలి లెక్కతో తృప్తి చెందక, ఆతిథ్య యంత్రపు నిల్వను కూడా పరిశీలించాలి.

6. డిస్క్ ఆరోగ్యం:

‘స్మార్ట్‌సీటీఎల్’ వంటి ఉపకరణాలు డిస్క్ స్వయంగా నమోదు చేసుకునే లక్షణాలను చూపుతాయి. వాటిలో 5వ సంఖ్య గల లక్షణం స్థానం మార్చిన సెక్టార్లను, 197వది పరీక్ష కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లను, 198వది సరిచేయలేని సెక్టార్లను తెలుపుతాయి. ఇవి పెరుగుతూ ఉంటే డిస్క్ మార్చవలసిన సమయం వచ్చినట్లే. అయితే ఇవి సున్నా అయినంత మాత్రాన డిస్క్ సురక్షితమని చెప్పలేము. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ పరిశోధకులు పిన్‌హైరో, వెబర్, బరోసో 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్కులలో 56 శాతానికి పైగా వాటిలో నాలుగు బలమైన సంకేతాలలో ఏ ఒక్కటీ ముందుగా కనిపించలేదని తేలింది.

సామర్థ్యం పెరిగిన కొద్దీ పునర్నిర్మాణం కూడా కష్టతరమైంది. కొన్ని డిస్కుల వివరపత్రాలు 12.5 టెరాబైట్లు చదివేలోపు ఒక పఠన దోషానికి అవకాశముందని గరిష్ఠ పరిమితిగా పేర్కొంటాయి. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు గల రెయిడ్ 5లో ఒకటి చెడితే, దాన్ని పునర్నిర్మించడానికి మిగిలిన మూడింటి నుంచి 12 టెరాబైట్లు చదవాలి. ఆచరణలో దోషాలు ఇంతకన్నా తక్కువే కావచ్చు. అయినా పెద్ద డిస్కులకు రెయిడ్ 6 వైపు మొగ్గు చూపడానికి ఈ లెక్కే ప్రాతిపదిక.

7. నిర్ధారణ క్రమం:

పై చర్చ ఆధారంగా నిర్ధారణను కింది క్రమంలో సాగించవచ్చు.

1. ఏదీ మార్చకుండా, చదివే ఆదేశాలను మాత్రమే వాడి ప్రస్తుత స్థితిని నమోదు చేయాలి.
2. దోష సందేశంలోని పదాలను యథాతథంగా రాసుకోవాలి. చోటు లేకపోవడం, కోటా దాటడం, ఫైల్ వ్యవస్థ చదవడానికే పరిమితం కావడం వేర్వేరు సమస్యలు.
3. రెయిడ్ స్థితినీ, డిస్క్ ఆరోగ్యాన్నీ చూడాలి. సమూహం బలహీనంగా ఉంటే బ్యాకప్ తరువాతే మరే పనైనా చేపట్టాలి.
4. డిస్క్, సమూహం, పార్టిషన్, వాల్యూమ్, ఫైల్ వ్యవస్థల పరిమాణాలను ఒకే కొలమానంలో పక్కపక్కన రాసి సరిచూడాలి.
5. చోటునూ, ఐనోడ్లనూ విడివిడిగా పరిశీలించాలి.
6. ‘డీఎఫ్’, ‘డీయూ’ ఫలితాలను పోల్చి, తేడాకు కారణం వెతకాలి.
7. పెద్ద ఫైళ్లు ఎవరివో, ఎందుకు పెరిగాయో తెలిసిన తరువాతే తొలగింపు గురించి నిర్ణయించాలి.

మూడవ మెట్టుకు ముందే ఏడవ మెట్టు ఎక్కడం ఆచరణలో జరిగే పెద్ద పొరపాటు. వ్యాపారం ఆగిపోయిందన్న ఒత్తిడిలో చేసిన తొలగింపులు కారణాన్ని తెలిపే ఆధారాలను కూడా తుడిచివేస్తాయి.

8. సామర్థ్య ప్రణాళిక:

నిల్వ 80 శాతం దాటితే హెచ్చరించే పద్ధతి వాడుకలో ఉంది. శాతం ఒక్కటే సరైన సూచిక కాదు. 1000 జీబీ వాల్యూమ్‌లో 700 జీబీ నిండి, రోజుకు 10 జీబీ చొప్పున పెరుగుతుంటే మిగిలిన గడువు 30 రోజులు. కొత్త డిస్కుల కొనుగోలుకు అనుమతి, సరఫరా, అమరిక కలిపి 45 రోజులు పడితే, 70 శాతం దగ్గరే ఆలస్యం జరిగిపోయినట్లు. రోజుకు 100 ఎంబీ మాత్రమే పెరిగే మరొక వాల్యూమ్‌లో 90 శాతం కూడా తొందరపడవలసిన స్థితి కాదు. కాబట్టి ‘ఎంత నిండింది’ అనే ప్రశ్న కన్నా ‘ఎన్ని రోజులకు నిండుతుంది’ అనే ప్రశ్నే ఉపయోగకరం. నెల చివరి లెక్కలు, సంవత్సరాంతపు నివేదికలు, డేటాబేస్ పునర్వ్యవస్థీకరణ వంటి సందర్భాలకు తాత్కాలికంగా కావలసిన చోటును కూడా ఇందులో కలపాలి.

9. ముగింపు:

• డిస్క్ నిల్వ సమస్య ఒకే అంతరానికి చెందినది కాదు. ప్రతి అంతరంలోనూ ఇచ్చినదీ పుచ్చుకున్నదీ సరిచూడడం ద్వారా లోపస్థానం తెలుస్తుంది.
• చోటు ఉన్నా కనిపించకపోవడం అమరిక లోపం. కనిపించినా వాడుకోలేకపోవడం ఐనోడ్లు, ప్రత్యేకింపు, పలుచని కేటాయింపుల వంటి కారణాల ఫలితం.
• తొలగింపు, పునర్వ్యవస్థీకరణ కూడా చోటును కోరే పనులే. వాటిని నిల్వ పూర్తిగా నిండకముందే చేపట్టాలి.
• రెయిడ్ డిస్క్ వైఫల్యం నుంచి మాత్రమే కాపాడుతుంది. పొరపాటు తొలగింపు నుంచి, డేటా చెడిపోవడం నుంచి కాపాడదు. కనుక అది బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు.
• ప్రత్యామ్నాయ సర్వర్ మొదటి సర్వర్ నిల్వ పరిమితినే పంచుకుంటే ఆపదలో ఆదుకోలేదు. 2023 నాటి టొయోటా ఉదంతం ఇందుకు నిదర్శనం.
• అమరిక వివరాలను రాతపూర్వకంగా భద్రపరచడం, నిల్వ పెరుగుదల వేగాన్ని క్రమంగా నమోదు చేయడం అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో కూడిన రక్షణ.